తూనిక, తూనీగ

చీమకుర్తిలో వేబ్రిడ్జి గది.
కిటికీ అద్దం మీద వేలితో రాస్తే పేరు నిలిచిపోతుంది,
అంత రాతిపొడి.
బయట, పరీక్షకని ఉంచిన నల్లరాయి.
ఒళ్ళంతా ఇత్తడి రజను చల్లినట్టు మెరుపులు.
రోజుకి ఐదుసార్లు దాన్నే తూస్తారు.
రాయి మారిందేమోనని కాదు,
కాటా మారిందేమోనని.

ఇరవై రెండు వేలు.
ఇరవై రెండు వేల పది.
ఇరవై రెండు వేల ఐదు.
మళ్ళీ అదే. మళ్ళీ అదే.

కాటా ఎంత తొణుకుతుందో చెప్పమన్నారు నన్ను.
నేను రాసే భాషలో లెక్కంతా ఒక్క వరస.
మొదటిదాన్ని పట్టుకో, అయ్యాక రెండోదాన్ని పట్టుకో
అనే నస ఉండదు.
ఒక్క గుర్తుతో పిలిస్తే
అంకెల బారు మొత్తం లేచి నిలబడుతుంది.
చదవడం మాత్రం కుడి నుంచి ఎడమకి.
"మా అలీఫ్ బే మాదిరే" అన్నాడు
కాటా గుమాస్తా మీరావలి, నా భుజం మీదుగా చూస్తా.

కాలేజీలో బట్టీ పట్టిన సూత్రమే కొట్టాను:
వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసెయ్,
మిగిలినదానికి మూలం కట్టు.
కాగితం మీద ఇందులో తప్పు లేదు.
కాగితానికి అంకెల కరువు లేదు కదా.
ఈ పెట్టెలో చిప్పుది ఏడంకెల జ్ఞాపకం.
నలభై ఎనిమిది కోట్ల నలభై రెండు లక్షల ఇరవై వేల
దాకా మోసుకొచ్చి
చివరి ఇరవై ఐదు దగ్గర చెయ్యి జారుస్తుంది,
ముప్పై రెండని సర్దుకుంటుంది.
అలా సర్దుకున్న రెండు కొండలు.
ఒకదాన్లోంచి ఒకటి తీస్తే
మిగలాల్సింది పది.

మిగిలింది మైనస్ ముప్పై రెండు.

వర్గమూలం గొడుగు కింద ఋణం.
తెర మీద ఎర్ర గీత.
"ఏందమ్మా, రాయి అప్పుల్లో పడిందా?"
అన్నాడు మీరావలి. నవ్వలేదు.
అప్పంటే ఏమిటో తెలిసిన మనిషి.

క్వారీ గుంటలో నిలిచిన వాననీళ్ళ మీంచి
తూనీగ ఒకటి వచ్చి రాయి కొసన వాలింది.
ఇద్దరం చూశాం.
"దాని బరువు కావాల్నంటే
రాయితో కలిపి తూచి, రాయిని విడిగా తూచి
తీసేస్తామా ఏంది?"

నేను చేసింది అచ్చంగా అదే.

సొరుగులోంచి పొడుగు పుస్తకం తీశాడు.
ఇవాళ్టి పేజీలో నా కోట్లు లేవు, వేలు కూడా లేవు:
ఐదు తక్కువ. ఐదు ఎక్కువ. సున్నా. సున్నా. సున్నా.
"రాయి బరువు గోడమీదుందిగా,
దినామూ దాన్ని మొయ్యడం ఎందుకు?"
గోడ మీద సుద్దతో 22005.
ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో,
నీళ్ళు పడి ఒక రెండు సగం కారింది.

నా ప్రోగ్రాముకి గోడ కనపడదు.
అందుకని ముందే సగటు కట్టించి
వర్గాలకి వెళ్ళకముందే బారులోంచి తీయించాను.
రెండు గుర్తులు అటూ ఇటూ మార్చానంతే.
ఒక్క అంకె ఇటు, బారు మొత్తం అటు;
ఐదుగురూ ఒకేసారి మూటలు దించేశారు.
పాతికా పాతికా యాభై.
ఐదో వంతు పది.
మూలం, మూడు కిలోల పైచిల్లర.

విచలనమంటే ఇంతే, పైచిల్లర.
దానికోసం ముందు కొండని కొండతో హెచ్చవేసి
ఆ ధూళిలో చీమని వెతికాను,
ఈ ఊళ్ళో కూచుని.
ఇంకా ఏమేం హెచ్చవేసుకున్నానో
దించకముందే,
అది ఇక్కడి లెక్క కాదులే.

లారీ హారన్ కొట్టింది.
మీరావలి రిమార్కుల గడిలో
ఇంకు పెన్నుతో నిదానంగా రాశాడు:
తూనీగ వాలింది.
కాటా కదల్లేదు.